జైకా అప్పుని ‘సాయం’ అనొచ్చా? దాతల లెక్క, మన లెక్క

నాగావళి గట్టు: నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట కాలవల బాగుకి జైకా (జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ) డబ్బు అనగానే ‘జపాన్ సాయం’ అని రాసేస్తున్నారు. అది అప్పు. దాత దేశాలు ఓఈసీడీలో, అంటే సంపన్న దేశాల కూటమిలో, రాసుకునే లెక్క చూడండి. ఉదాహరణకి 100 కోట్లు, వడ్డీ 1.5 శాతం, గడువు 30 ఏళ్లు, మొదటి 10 ఏళ్లు అసలు కట్టక్కర్లేదు. మనలాంటి దేశానికి 7 శాతం డిస్కౌంట్ రేటు (రేపొచ్చే డబ్బుని నేటి విలువకి తగ్గించే రేటు) వేస్తారు. ఏడాదికో వాయిదా చొప్పున తిరిగొచ్చే డబ్బు నేటి విలువ 43 కోట్లు. మిగతా 57 కోట్లు సాయం ఖాతాలోకి! అదే 4 శాతం వేస్తే 34 కోట్లే. ఏళ్ల తరబడి 2 శాతం లోపే అప్పు తెచ్చుకున్న జపాన్ చేతి నుంచి నిజంగా పోయిందెంత? ఇంకోటి: 2023లో దాతలు చూపించిన 223 బిలియన్ డాలర్లలో 31 దాకా వాళ్ల గడ్డ మీదే శరణార్థుల తిండికీ వసతికీ అయ్యాయి.

జీడితోట: మాస్టారూ, పుచ్చుకున్నవాడి వైపు నుంచి లెక్కెయ్యండి. రాష్ట్రం బాండు అమ్మి అప్పు తెస్తే వడ్డీ 7 శాతం. 2000లో మన శ్రీకాకుళం, విజయనగరంతో కలిపి ఆరు జిల్లాల్లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు కూడా ప్రపంచ బ్యాంకు అప్పే. అప్పైనంత మాత్రాన మహిళల మండల సమాఖ్యలు నిలబడలేదేటి?

నాగావళి గట్టు: తీర్చేది రూపాయల్లో కాదు కదా. 2005 నుంచి కేంద్రం విదేశీ అప్పుని ఏ కరెన్సీలో తెస్తే అదే షరతులతో రాష్ట్రం నెత్తిన పెడుతోంది. 2007లో 100 యెన్‌లు 35 రూపాయల చుట్టుపక్కల, 2024లో 55 దరిదాపు. అంటే రూపాయల్లో మన బాకీ ఏడాదికి రెండున్నర శాతం పైమాటే పెరిగినట్టు.

జీడితోట: వడ్డీ, ఈ పెరుగుదల రెండూ కలిపినా 4 శాతం చిల్లర. బాండుకి 7. మరింక గోలేటి?

గరివిడి కొలిమి: ఇద్దరూ ఇచ్చే చెయ్యే చూస్తున్నారు. జపాన్ ఇంట్లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి వేసే పన్ను 289 యెన్‌లు, బయట బంగ్లాదేశ్ మాతర్‌బాడీ బొగ్గు ప్లాంటుకి జైకా అప్పు. యూరప్ కథ వేరు. స్వీడన్ 1991 నుంచే కార్బన్ పన్ను వేస్తోంది, మెచ్చుకోవాలి. కానీ యూరోపియన్ యూనియన్ తన ఫ్యాక్టరీలకి వేసే కార్బన్ ధర ఇప్పుడు గుమ్మం దగ్గర మన సరుక్కీ: సీబామ్ అనే సరిహద్దు కార్బన్ సుంకం, 2026 జనవరి 1 నుంచి. ఉక్కులో కలిపే మిశ్రలోహాల్లో ఫెర్రోక్రోమ్ జాబితాలో ఉంది, సిలికోమాంగనీస్ లేదు. కొలిమిలో కోకు, ఎలక్ట్రోడ్ కాలిన పొగే లెక్క. కరెంటు కోసం వేరేచోట కాల్చిన బొగ్గు ఇందులోకి రాదు. కరెంటు మీద నడిచే ఆర్క్ కొలిమికి అది అదృష్టమే. అయితే కోకు తూకం, అందులో కార్బన్ శాతం, ఏ పోతకి ఎంత లోహం దిగిందో రాసిపెట్టకపోతే వాళ్లే ఖాయం చేసిన డిఫాల్ట్ విలువ వేస్తారు. అది ఎక్కువే ఉంటుంది, ఆ తేడా కొనేవాడు మన ధరలో కోస్తాడు. ఈ కొలతలు నేర్పడానికి డబ్బిస్తే దాన్ని సాయం అంటాను.

శివారు ఆయకట్టు: కాలవ దగ్గరికి రండి బాబూ. లైనింగ్‌కి అప్పు పుడుతుంది, గుర్రపుడెక్క తీయడానికి పుట్టదు. కాలవకి నీళ్లు ఆపేసిన రోజుల్లో గట్టు వెనక ఊట నీరు సిమెంటు పలకల్ని తోస్తుంది. ఊట రంధ్రాలు పూడుకుపోతే పలకలు లేచిపోతాయి. తూము షట్టరు స్క్రూకి గ్రీజు, అడుగు రబ్బరు సీలు ఏటా మే లోపు చూసుకోవాలి. వదిలేస్తే స్క్రూ పట్టేస్తుంది, ఎగువ రైతులు గడ్డపారతో లేపి వంచేస్తారు, ఇక శివారుకి నీరు దిగదు. 1997 చట్టం ఈ పని నీటి సంఘాలకి అప్పజెప్పింది. గ్రీజు డబ్బా ఎవరు కొనాలో ఒప్పందంలో ఏ పేజీలో ఉందో గట్టు మాస్టారు చూపిస్తే, 57 కోట్లా 34 కోట్లా అన్నది తర్వాత తేల్చుకుందాం.