ఫస్టియర్ ఈసీఈ మెంటరింగ్: సంతకాలు పడుతున్నాయి, పిల్లలకు మాత్రం ఏమీ అందడం లేదు

ఓరుగల్లు_ఈసీఈ:
మాది హైదరాబాద్ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీ, ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ బ్రాంచి. ఆర్22 రెగ్యులేషన్, అంటే 2022-23లో మొదలైన సిలబస్, పరీక్షల నిబంధనలు. సెక్షన్‌లో 60 మంది, అందులో 26 మంది అమ్మాయిలు. సగానికి పైగా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లే లేరు. మంచిచెడ్డలు చూసే మెంటర్లుగా ఒక్కో ఫ్యాకల్టీకి 20 మంది చొప్పున పంచాం. నెలకోసారి పిలిస్తే "అంతా బాగానే ఉంది సార్" అని రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోతారు. కష్టంలో ఉన్నారని మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) మార్కులు వచ్చాకే తెలుస్తోంది. ల్యాబ్‌లో కూడా అమ్మాయిలు రికార్డు రాస్తుంటే అబ్బాయిలు సర్క్యూట్ కడుతున్నారు. వచ్చే సెమిస్టర్ నుంచైనా దీన్ని గట్టిగా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పరీక్షల_విభాగం:
"ఎలా చదువుతున్నావమ్మా" అని అడిగితే బాగానే అంటారు, ఇంకేమంటారు? ప్రశ్న మార్చండి. మ్యాథ్స్ నోట్సు తెమ్మనండి, నిన్న చెప్పిన లెక్క ఒకటి మీ ముందు చేయమనండి. నోట్సులో బోర్డు మీది లెక్కలే ఉండి, సొంతంగా చేసింది ఒక్కటీ లేకపోతే అక్కడే విషయం తెలిసిపోతుంది. దీనికి మనిషికి పది నిమిషాలు చాలు. మొదటి పిలుపు క్లాసులు మొదలైన రెండో వారంలోనే ఉండాలి. మిడ్ అయ్యాక పిలిస్తే అది మందలింపే అవుతుంది.

రెండోది, రూల్సు. ఇంట్లో ఇంజినీరు ఉన్న పిల్లలకు ఇవి భోజనాల దగ్గరే తెలుస్తాయి, మిగతావాళ్లకు ఎవరూ చెప్పరు. ఇంటర్‌లో 35 వస్తే పాస్. ఇక్కడ ఆర్22 ప్రకారం ఇంటర్నల్ (కాలేజీ వేసే మార్కులు) 40కి 14, ఎక్స్‌టర్నల్ (యూనివర్సిటీ పరీక్ష) 60కి 21 వస్తే రెండూ దాటినట్టే కనిపిస్తుంది, కానీ కలిపితే 35. మొత్తం 40 రావాలి కాబట్టి ఆ సబ్జెక్టు పోయినట్టే. ఇంటర్నల్ 14 దగ్గర ఆగినవాళ్లు ఎక్స్‌టర్నల్‌లో 26 తెచ్చుకోవాలని ముందే బోర్డు మీద లెక్క వేసి చూపించండి. అలాగే హాజరు 75 శాతం. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు తగ్గినా పరీక్షకు అనుమతి) తీసుకోవచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. రెండో సంవత్సరంలోకి వెళ్లాలంటే మొదటి ఏడాది 40 క్రెడిట్లలో (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) కనీసం 20 రావాలి.

ఈ ఆఖరిది తల్లిదండ్రులకు కూడా తెలుగులో చెప్పాలి. ఒక సబ్జెక్టు పోయిందనగానే ఏడాదంతా పోయిందనుకుని, ఆడపిల్ల అయితే చదువే మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సప్లిమెంటరీ ఉంటుందని, క్రెడిట్లు చాలితే పై ఏడాదికి వెళ్తుందని మెంటరే ఫోన్ చేసి చెప్పాలి. మొదటి ఫోన్ మాత్రం ఫెయిల్ కబురుతో చేయకండి. అంతకుముందే ఒకసారి మంచి మాట చెప్పి పరిచయం చేసుకుని ఉండాలి.

ల్యాబ్_టేబుల్:
ల్యాబ్ సంగతి నేను చెప్తాను. అమ్మాయిలు రికార్డుకు పరిమితం కావడం వాళ్ల ఇష్టం వల్ల కాదు. ఇంట్లో అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టినవాడు మొదటి రోజు ముందుకొస్తాడు, అదే అలవాటుగా స్థిరపడిపోతుంది. ముగ్గురి బ్యాచ్‌లో పనులు పేర్లతో రాసి పెట్టండి: కట్టేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు. ప్రతి ప్రయోగానికీ మార్చండి. అబ్జర్వేషన్ బుక్కులో ఆ రోజు ఎవరు ఏం చేశారో రాస్తేనే సంతకం పెట్టండి. వైవాలో కట్టినవాళ్లను కాకుండా రాసినవాళ్లను సర్క్యూట్ గురించి అడగండి.

మొదటి రెండు ల్యాబులూ సిలబస్ ప్రయోగం కాకుండా చేతి పని పెట్టండి. 5 వోల్టుల సప్లై, ఎర్ర ఎల్‌ఈడీ, 220 ఓమ్‌ల రెసిస్టర్. ఎల్‌ఈడీ మీద సుమారు 2 వోల్టులు పడతాయి, మిగిలిన 3 వోల్టులకు కరెంటు దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు. ముందు లెక్క కట్టాలి, తర్వాత మీటర్‌తో కొలవాలి. తప్పులు ఇక్కడే బయటపడతాయి. కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబును మిల్లీ ఆంప్ సాకెట్‌లోనే ఉంచి వోల్టేజీ కొలవబోతారు, అప్పుడు సప్లై మీటర్‌లోంచే షార్ట్ అయి ఫ్యూజు పోతుంది. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో (సోల్డరింగ్ లేకుండా సర్క్యూట్ గుచ్చి కట్టే బోర్డులు) పక్కనుండే పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది, రెండో సగానికి కరెంటు రాదు. కొత్తగా ముట్టుకున్న అమ్మాయి "నేనే పాడుచేశాను" అనుకుని ఇక దగ్గరకు రాదు. అందుకని ఫ్యూజు ఎందుకు పోతుందో, ఎలా మార్చాలో క్లాసు అందరికీ ముందే చూపించండి. పది ఫ్యూజులు డ్రాయర్‌లో ఉంచుకోండి, డబ్బు అడగకండి.

అదనపు ప్రాక్టీసు సాయంత్రం పెడితే కాలేజీ బస్సులో వెళ్లేవాళ్లు రాలేరు, వాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. టైంటేబుల్‌లో ఉన్న లైబ్రరీ పీరియడ్‌నో స్పోర్ట్స్ పీరియడ్‌నో వారానికి ఒకటి దీనికి తీసుకోండి.

ఓరుగల్లు_ఈసీఈ:
చాలా ఉపయోగం. అయితే బ్యాచ్‌కి ఒక అమ్మాయి చొప్పున పంచడం మంచిదా, అమ్మాయిల బ్యాచ్‌లు విడిగా వేయాలా?

ల్యాబ్_టేబుల్:
ఇద్దరు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని వేయకండి సార్, మళ్లీ రికార్డే చేతికొస్తుంది. మీ లెక్కకు 20 బ్యాచ్‌లు: 13 బ్యాచ్‌లలో ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి, మిగతా 7 అబ్బాయిలవి. రోల్ నంబర్ల వరసను ఈ ఒక్కచోట పక్కన పెట్టండి.

కరెంటు_మేడమ్:
పై రెండిటికీ ఒక మాట కలుపుతాను. 1943లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పూర్తి చేసిన, మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారి తండ్రి అదే కాలేజీలో ప్రొఫెసర్. తలుపు ఎక్కడుందో, ఎవరిని అడగాలో ఆ ఇంట్లో తెలుసు. మన పిల్లలకు మెంటరు ఆ పని చేయాలి, ముఖ్యంగా గడువులు, డబ్బుల విషయంలో.

ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. మొదటి ఏడాదిలో, లేదంటే డిప్లొమా చేసి లేటరల్‌గా నేరుగా రెండో ఏడాదిలో చేరినప్పుడే దరఖాస్తు చేయాలి, ఆ తర్వాత ఏటా రెన్యువల్. మూడో ఏడాదిలో తెలిస్తే లాభం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలైతే రెండూ కలిపి తీసుకునే విషయంలో ఆ ఏటి మార్గదర్శకాలు చదివాకే వేయించండి.

దరఖాస్తులు ఆగిపోయేది చిన్న చిన్న చోట్ల. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం, బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ (అనుసంధానం) లేకపోవడం, ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవలో ఆలస్యంగా అప్లై చేయడం. వీటికన్నా బాధ కలిగించేది, పిల్ల అన్నీ సరిగ్గా నింపినా కాలేజీ స్థాయి వెరిఫికేషన్ చేయకుండా గడువు దాటించడం. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీ కాలేజీ లాగిన్ ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి. 26 మంది పేర్లతో ఒక షీటు వేసి మెమో, ఆధార్, ఖాతా, ఆదాయం, వెరిఫికేషన్ అని ఐదు గడులు పెట్టండి, ఖాళీ గడి ఉన్నవాళ్లను పిలవండి.