రెండు గీతల మధ్య చోటును ఏమందాం?

ప్రశ్న:
మా బడి పిల్లల కోసం ఒక వెబ్ పేజీ చేస్తున్నాను. రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతకి ఒక గీత, కనిష్ఠానికి ఒక గీత. ఒక బటన్ నొక్కితే రెండిటి మధ్యా లేత రంగు పడుతుంది. ఆ బటన్ మీద ఏం రాయాలన్నదే టెన్షన్. "మధ్య ఖాళీని పూరించు" అని రాశాను గానీ, పరీక్ష పేపర్లో "ఖాళీలను పూరింపుము" చదివినట్టే ఉంది. ఇంకో మాట చెప్పగలరా?

జవాబు 1:
ముగ్గులో చేసే పని ఇదే కదండీ. గీతలు గీశాక మధ్యలో "రంగులు నింపు" అంటాం. పూరించమని ఎవరూ అనరు.

జవాబు 2:
అక్క చెప్పిన "నింపు" చక్కగా కుదిరింది. క్రియ కోసం ఇక వెతకక్కర్లేదు. పూరణ అంటే పూర్తి చేయడం. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తే, మిగతా పాదాలు కట్టి అవధాని పద్యం పూర్తి చేస్తాడు. ఇక్కడ గీతలు రెండూ పూర్తయ్యే ఉన్నాయి.

నా అభ్యంతరం "ఖాళీ"తో. ఆ చోటు ఖాళీ కాదు. మధ్యాహ్నపు ఎండకీ తెల్లవారుజాము చలికీ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన లండన్‌లో అచ్చు వేయించిన అట్లాసులో, అంటే లెక్కలను గీతల్లో చూపే పటాల పుస్తకంలో, డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండ్ వ్యాపారం చూపే పటం ఒకటుంది. 1700 నుంచి 1780 దాకా దిగుమతులకి ఒక గీత, ఎగుమతులకి ఒక గీత. దిగుమతులు పైనున్నంత మేర మధ్య చోటుకి ఒక రంగు వేసి, అది ఇంగ్లండ్‌కి ప్రతికూలమని అక్కడే రాశాడు. 1750లలో గీతలు ఒకదాన్నొకటి దాటాక రంగు మారింది, మాటా మారింది. మనమైతే లోటు, మిగులు అని రాస్తాం. అంటే గీతల మధ్య చోటుకి తనదైన పేరుంటుంది.

అందుకే నా ఓటు "అంతరం"కి. మధ్య చోటు, తేడా, రెండూ అందులోనే ఉన్నాయి. కంది సాళ్ల మధ్య వేసేది అంతర పంట. సాళ్ల మధ్య గుంటక తోలితే అంతర సేద్యం. తరాల అంతరం అన్నప్పుడు అదే మాట తేడా అవుతుంది. పొలం పనులు చూసిన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

జవాబు 3:
"ఎడం" ఎందుకు కాదు? "మొక్కలు కాస్త ఎడంగా నాటు" అంటాం. అచ్చ తెలుగు.

జవాబు 2 (మళ్లీ):
నాకూ ఇష్టమైన మాటే అన్నా. కానీ తెర మీద "ఎడం" కనబడగానే పిల్లలు కుడి, ఎడమ అనుకుంటారు.

జవాబు 4:
ఈ పని కోడ్‌లో చేసేవాణ్ని, ఒక హెచ్చరిక. వెబ్ పేజీలో గీతల పటాలు గీసే ప్లాట్లీ అనే కోడ్ సరంజామాలో ఈ పనికి "టు నెక్స్ట్ వై" అని రాయాలి. పేరులో "తరవాతి" ఉన్నా, రంగు నిండేది అంతకు ముందు ఇచ్చిన గీత దాకా. అలాంటిదే ఇంకొకటైన చార్ట్ జెఎస్‌లో "-1" అని రాస్తే ఒక గీత వెనక్కి అని సూటిగా తెలుస్తుంది. తెలుగులో ఇది ఇంకా చిక్కు. "ముందు గీత" అంటే ఇంతకు ముందుదా, ఇక ముందు వచ్చేదా? "కిందటి గీత" అంటే పిల్లలు కింద ఉన్న గీతను చూస్తారు. కాబట్టి వరసను బట్టి చెప్పకండి, పేరు పెట్టి గరిష్ఠం, కనిష్ఠం అనే రాయండి.

ఇంకొకటి. కంప్యూటర్ పై గీత వెంట కుడికి వెళ్లి, కింది గీత వెంట వెనక్కి వచ్చి, మొదలుపెట్టిన చోట ముడి వేస్తుంది. అలా చుట్టూ మూసుకున్న ఆకారంలోనే రంగు నింపుతుంది. ముగ్గుతో పోలిక బాగా కుదిరింది.

జవాబు 1 (మళ్లీ):
వట్టి "అంతరం నింపు" అంటే మాత్రం, పేదా ధనికుల అంతరం పూడ్చమన్నట్టు వినబడుతోంది. "అంతరంలో రంగు నింపు" అనండి.

ప్రశ్న వేసినవారు:
అదే పెట్టాను. ఇంకో చిన్న సందేహం. రంగు వెనక గళ్లు కనబడాలి, ఎంత కనబడాలో సరిచేసే మీట ఉంది. "పారదర్శకత" పిల్లలకి బరువు కదా?

జవాబు 3:
పలచన, చిక్కన. మజ్జిగకి అనే మాటలే.