జూన్‌లో రూఫ్ పని పెట్టుకున్నాం, చూరులో స్విఫ్ట్ పిట్టలున్నాయి, పోలీసులకు చెప్తానంటోంది పక్కింటావిడ

పెంకుటిల్లు:
మాది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో 1905 నాటి టెర్రస్ ఇల్లు, అంటే పక్కిళ్ళతో గోడలు కలిసిన వరస ఇల్లు. కొని నాలుగేళ్ళయింది. వానొస్తే పాప గదిలో నీళ్ళు కారుతున్నాయి, మంచం పక్కన గిన్నె పెట్టుకుని పడుకుంటున్నాం. ఎలాగో డబ్బు కూడబెట్టి పైకప్పు మొత్తం మార్పించడానికి జూన్ 9కి రూఫర్‌ని మాట్లాడుకున్నాం. స్కాఫోల్డింగ్‌కి, అదే పనివాళ్ళు ఎక్కే పరంజాకి, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. నిన్న పక్కింటి పెద్దావిడ వచ్చి, మీ చూరులో స్విఫ్ట్‌లు గూళ్ళు పెట్టాయి, ఇప్పుడు పని మొదలుపెడితే నేరం, పోలీసుల నంబరు 101కి ఫోన్ చేస్తాను అంది. నాలుగేళ్ళలో నేను ఒక్క గూడూ చూడలేదు. ఒక్క పుల్ల కింద పడలేదు. ఇది నిజంగా చట్టమా, ఉత్త బెదిరింపా?

లెస్టర్_బాబాయ్:
చట్టమే తమ్ముడూ. ఆగస్టు దాకా ఆగు.

గోదారిగట్టు:
మీకు కనపడకపోవడంలో వింతేమీ లేదండీ. ఆరేళ్ళుగా మా వీధుల్లో స్విఫ్ట్ గూళ్ళు లెక్కపెట్టే వాలంటీర్ని నేను. ఈ పిట్ట బయటికి కనపడేలా గూడు కట్టదు. పెంకు కింద సందులోకి దూరి, గాల్లో దొరికిన ఈకనీ గడ్డిపోచనీ ఉమ్మితో అతికించి చిన్న పళ్ళెంలా చేసుకుంటుంది. లోపలికి దూరడానికి ఒక్క సెకను చాలు, మనం రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఆఫ్రికా నుంచి మేలో వస్తాయి, రెండు మూడు గుడ్లు పెడతాయి, జూలై ఆఖరుకో ఆగస్టులోనో వెళ్ళిపోతాయి. మీ రూఫర్ పెంకులు విప్పేది సరిగ్గా గుడ్లో పిల్లలో ఉండే సమయంలో.

1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం, సెక్షన్ 1. ఏ అడవి పక్షిదైనా సరే, గూడు కడుతుండగా గానీ వాడుతుండగా గానీ కావాలని పాడుచేస్తే ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. 1995తో పోలిస్తే ఇక్కడ స్విఫ్ట్‌లు సగానికి పైగా తగ్గిపోయాయి. 2021లో రెడ్ లిస్టులో, అంటే బాగా ఆందోళన కలిగించే స్థితిలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు. దయచేసి ఆపండి.

స్కాఫోల్డ్_బాధితుడు:
నా సంగతి వినండి. పోయినేడు మా ఎక్స్‌టెన్షన్ మొదలవగానే వెనకింటాయన గూడుందని ఫిర్యాదు చేశాడు. పని ఆపేశాం. మూడు వారాలు స్కాఫోల్డింగ్ అద్దె కట్టాను. చివరికి తేలింది పాత పిచ్చుక గూడు, అదీ ఖాళీది. నా డబ్బు ఎవడిచ్చాడు? అది పిట్టల మీద ప్రేమ కాదు, మన మీద కోపం. ఆ వీధిలో అంతకుముందు మూడిళ్ళకు పైకప్పులు మార్చారు, ఎవరూ నోరెత్తలేదు.

లా_పాయింట్:
అందరూ సెక్షన్ 1 దగ్గరే ఆగిపోతున్నారు. సెక్షన్ 4 చదవండి. చట్టబద్ధమైన పని చేస్తుండగా దాని వల్ల అనుకోకుండా నష్టం జరిగితే నేరం కాదు. కారే పైకప్పు బాగుచేసుకోవడం చట్టబద్ధమైన పనే. పైగా సెక్షన్ 1లో "కావాలని" అనే మాట ఉంది. పిట్టను చంపాలని ఈయనకు లేదు కదా.

గోదారిగట్టు:
సగం చెప్పి వదిలేశారు. "సహేతుకంగా తప్పించలేనిది అయితేనే" అని కూడా అక్కడే ఉంది. పక్కావిడ ముందే వచ్చి చెప్పింది. రెండు నెలలు ఆగితే తప్పిపోతుంది. తెలిసీ పెంకు విప్పితే అది అనుకోకుండా జరిగింది ఎలా అవుతుంది?

లా_పాయింట్:
పాప గదిలో నీళ్ళు కారుతుంటే రెండు నెలలు ఆగడం సహేతుకమా? అది తేల్చాల్సింది కోర్టు, మీరు కాదు.

గోదారిగట్టు:
కారే చోట టార్పాలిన్ వేయించవచ్చు. గూడు ఉన్న వైపు ముట్టుకోకుండా చిన్న రిపేరు చేయించవచ్చు. మనిషిని కోర్టుదాకా పంపి చూద్దామంటారేమిటి?

లా_పాయింట్:
నేను పంపలేదు. మీరు "నేరం" అన్నారు, కాకపోవచ్చు అన్నాను. నా పాయింట్‌కి ఇంకా జవాబు రాలేదు.

స్కాఫోల్డ్_బాధితుడు:
టార్పాలిన్ డబ్బు కూడా ఈయనదే కదా! ప్రతిదీ ఇంటివాడి నెత్తినే. ఆ పెద్దావిడ అసలు ఎవరు? మనవాళ్ళ ఇంటికే ఎందుకొచ్చింది?

పెంకుటిల్లు:
అన్నా, ఆవిడ సంగతి వదిలెయ్. పాప పుట్టినప్పుడు స్వెటర్ అల్లి తెచ్చిచ్చింది. మంచి మనిషే. అందుకే నాకు టెన్షన్. వేరే ఎవరైనా అయితే పట్టించుకునేవాడిని కాను.

సరే, నేనే తేల్చేస్తాను. పని అక్టోబరుకి మార్చుకుంటా. అప్పుడు పిట్టలుండవు, గూడు వాడకంలో ఉండదు. చూరులో సందులన్నీ ఒక్కటీ వదలకుండా మూయించేస్తా. వచ్చే ఏడు ఈ గొడవే ఉండదు. చట్టానికీ ఇబ్బంది లేదు. సమస్య తీరింది.

గోదారిగట్టు:
తీరలేదు! అంతకంటే జూన్‌లో చేయడమే నయమేమో, ఒక్క ఏడాది పిల్లలే పోతాయి. మీరు వాటి ఇల్లే లేకుండా చేస్తున్నారు. స్విఫ్ట్ ఏటా అదే సందుకి తిరిగొస్తుంది. మా ఊళ్ళో ఒక పాత ఆఫీసు భవనం ఫిబ్రవరిలో కూల్చారు. అంతా చట్టప్రకారమే. మేలో పిట్టలొచ్చి, ఒకప్పుడు మూడో అంతస్తు ఉన్న ఎత్తులో, ఖాళీ గాల్లో తిరిగాయి. వారం రోజులు చూశాను. ఇంకో వీధిలో సందులు మూసిన ఇంటి గోడకు గుద్దుకుని ఒకటి పేవ్‌మెంట్ మీద పడింది. అరచేతిలోకి తీసుకున్నాను. కోడిగుడ్డంత బరువు కూడా లేదు. పొట్టి కాళ్ళు, నాలుగు వేళ్ళూ ముందుకే. నడవడానికి కాదు, గోడ పట్టుకోవడానికే పనికొచ్చే కాళ్ళు. నా వేలిని పట్టుకుని వదల్లేదు.

ఎలా మాట్లాడుతున్నారండీ "సమస్య తీరింది" అని!

పెంకుటిల్లు:
మేడమ్, చట్టం చట్టం అని నన్ను భయపెట్టింది మీరు. జైలన్నారు, జరిమానా అన్నారు. ఆ చట్టం ప్రకారమే చేస్తానంటే ఇప్పుడు అదీ తప్పంటున్నారు. అంటే మొదటి నుంచీ మీకు కావాల్సింది చట్టం కాదు. నా ఇంట్లో ఎప్పటికీ వాటికి చోటు. అది సూటిగా అడగాల్సింది.

మా ఊరి చివర వందల కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. ఒక్కదానికీ ఒక్క కన్నం లేదు. వాళ్ళని అడిగేవాడు లేడు. ముప్ఫయ్యేళ్ళ లోన్ మీద కారే ఇల్లు కొన్న నేను మాత్రం దొరికాను.

గోదారిగట్టు:
రెండు గంటలు ఆగి రాస్తున్నాను. మీరన్నది నిజమే. నాకు కావాల్సింది ఆ చోటే. చట్టం గూడు వాడకంలో ఉన్నంతసేపే కాపాడుతుంది. గబ్బిలమైతే అది లేనప్పుడు కూడా దాని చోటుకు రక్షణ ఉంది, స్విఫ్ట్‌కి లేదు. అది తెలిసే జైలు మాట ముందు పెట్టాను. అలా చెప్పకుండా ఉండాల్సింది. జూన్ నయమన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్త ఇళ్ళ గురించి మీ కోపమే నాదీ. స్విఫ్ట్ లోపల గూడు పెట్టుకునేలా కన్నంతో బోలుగా చేసి గోడలో పెట్టే స్విఫ్ట్ ఇటుక దాదాపు 35 పౌండ్లు. తప్పనిసరి చేయమని లక్షకు పైగా సంతకాలొచ్చాయి, 2023 జూలైలో పార్లమెంటులో చర్చించారు. 2024 డిసెంబరులో ఇంగ్లండ్ ప్లానింగ్ విధానంలో స్విఫ్ట్ పేరు చేర్చారు గానీ అది చట్టం కాదు. అందుకే మీలాంటి వాళ్ళ గుమ్మం దగ్గరికి వస్తున్నాం. మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. కానీ ఉన్న సందులన్నీ పాత ఇళ్ళలోనే ఉన్నాయి.

లా_పాయింట్:
సెక్షన్ 4?

లెస్టర్_బాబాయ్:
వదిలెయ్ నాయనా. మా ఊళ్ళో పాత మిద్దె కూలగొట్టేటప్పుడు వసారా కప్పుకి ఇలాంటి పిట్టల గూళ్ళు గుత్తులుగా ఉండేవి. పిల్లలు ఎగిరేదాకా గునపం పడనివ్వలేదు మా అమ్మ. ఆవిడకు ఏ సెక్షనూ తెలియదు. తర్వాత వేసిన స్లాబుకి ఒక్క పిట్టా రాలేదనుకో.

స్కాఫోల్డ్_బాధితుడు:
అంతా బాగుంది. తేదీ మారిస్తే స్కాఫోల్డింగ్ అడ్వాన్స్ వెనక్కిస్తారా లేదా ఈరోజే రాతపూర్వకంగా అడుగు. నేను అడక్క చెడ్డాను.

పెంకుటిల్లు:
అడిగాను. సెప్టెంబరుకి మార్చడానికి ఒప్పుకున్నారు, డబ్బు పోలేదు. రేపు పాప గది పైన టార్పాలిన్ వేస్తారు, అది పెరటి వైపు.

నిన్న సాయంత్రం పక్కావిడ కుర్చీ వేస్తే వాళ్ళ ముందు తోటలో కూర్చున్నాను. ఎనిమిదిన్నర నుంచి అరుస్తూ వీధి పొడుగునా పైకీ కిందికీ తిరిగాయి. తొమ్మిదీ ఇరవైకి రెండు దూరాయి. ఎడమ చివర నుంచి మూడో పెంకు కింద. అది మా పడకగదికి సరిగ్గా పైన.

కన్నం వదలడానికి నేనింకా ఒప్పుకోలేదు. రూఫర్ మాత్రం సైజెంత అని అడుగుతున్నాడు.

గోదారిగట్టు:
వెడల్పు 65 మిల్లీమీటర్లు, ఎత్తు 28. అదే మూడో పెంకు దగ్గర. ఒక్క అడుగు పక్కన పెట్టినా వెతుక్కుంటాయి.