ఆమ్నీ విప్పి సెవెన్ మోడల్ కారు కట్టాలి: పైపు, హౌసింగు, ఆర్సీ సంగతి చెప్పండి

కరకంబాడి_షెడ్డు:
అన్నలందరికీ నమస్తే. తిరుపతిలో ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు రేకుల షెడ్డు ఉంది. 2009 మోడల్ ఆమ్నీ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని ఇంజెక్షన్ ఇంజిన్) ఒకటి బేరంలో ఉంది. బాడీ తుప్పు, ఇంజిన్ బాగానే ఉంది. దాని ఇంజిన్, గేర్ బాక్స్, వెనక హౌసింగు (డిఫరెన్షియల్, ఆక్సిళ్లు ఉండే గొట్టం) తీసి, పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు లోటస్ సెవెన్ పద్ధతిలో తలుపుల్లేని ఇద్దరు కూర్చునే కారు కట్టాలని ఉంది. సీఓ2 వెల్డింగ్ మిషను ఉంది, చేతనవును.

అడగాల్సినవి ఇవి. ఛాసిస్‌కు ఏ పైపు, ఎంత? వెనక కమాను పట్టీలు అట్లే ఉంచొచ్చా? ముందు ఆమ్నీ స్ట్రట్‌లే (షాక్, స్ప్రింగు కలిసిన నిలువు కాళ్లు) వాడొచ్చా? నెట్‌లో సెవెన్ డ్రాయింగులు దొరికాయి, ఉన్నవి ఉన్నట్టు కట్టేస్తే సరిపోతుందా? ఆమ్నీ ఆర్సీ మీదే రోడ్డు మీద తిప్పుకోవచ్చని ఒకాయన అంటున్నాడు, నిజమేనా?

ఏపీ03_పాతబండ్లు:
చివరి ప్రశ్నతో మొదలుపెడదాం తమ్ముడూ, పైపులు రేపైనా కొనొచ్చు. ఆ మాట నిజం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ పొంతన తప్పేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణలో 182ఏ వచ్చింది. యజమాని బండిని అట్లా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నువ్వు చేసేది మార్పు కూడా కాదు, ఛాసిస్సే వేరే. ఆమ్నీ ఛాసిస్ నంబరున్న రేకు కోసి కొత్త ఫ్రేముకు అతికించమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషితో సావాసం మానెయ్.

ఇంగ్లండు వీడియోల్లో ఇంట్లో కట్టిన కారుకు నంబరు ప్లేటు కనిపిస్తుంది. అక్కడ ఒక్క కారునైనా ఐవీఏ అనే విడి బండి పరీక్షకు తీసుకెళ్లి పాసైతే రిజిస్టర్ చేస్తారు. మనకు ఆ దారి లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని రూల్ 126 కింద నమూనా బండిని పుణె ఏఆర్ఏఐ, మనకు దగ్గర్లో ఒరగడం జీఏఆర్‌సీ లాంటి సంస్థ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఢీకొట్టే పరీక్షలు, పొగ పరీక్షలు అన్నీ కలిపి అది కంపెనీలు మోసే ఖర్చు, ఒక్క కారుకు గిట్టేది కాదు.

కాబట్టి ఇది సొంత తోటలోనో, అనుమతి తీసుకుని ట్రాక్ మీదో నడిపే కారు అనుకునే మొదలుపెట్టు. షెడ్డు నుంచి తోట దాకా కూడా లారీ మీదే పోవాలి.

ఆమ్నీ కొనేముందు దాని మీద ఫైనాన్స్, చలాన్లు ఉన్నాయేమో చూసుకో. నీ పేరు మీదికి మార్చుకున్నాకే విప్పు. విప్పేస్తే ఇక వాడకానికి పనికిరాని బండే కాబట్టి, సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో ఆర్టీవోకు తెలిపి ఆర్సీ అప్పగించాలి. బండి మొత్తాన్ని స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చేస్తే సామాను నీకు మిగలదు, అది గుర్తుపెట్టుకో.

పుత్తూరు_ఫిట్టర్:
ఆర్సీ సంగతి పైన అన్న చెప్పేశాడు. నేను ఇనుము సంగతి చెప్తా.

ఆమ్నీని విప్పే ముందు బాగా నడిపి చూడు. ఏ గేరులో శబ్దం వస్తోంది, క్లచ్ జారుతోందా, వేడెక్కుతోందా, హౌసింగులో కూత ఉందా అన్నీ రాసుకో. కొత్త ఫ్రేములో కూర్చోబెట్టాక వచ్చే శబ్దం పాతదా కొత్తదా తేల్చుకోలేక చాలామంది ఆడే ఆగిపోతారు. ఇంకొకటి, ఆమ్నీలో ఇంజిన్ సీటు కింద ఒక పక్కకు వాలి ఉంటుంది. దింపకముందే ఆ వాలు కోణం కొలిచి పెట్టుకో, కొత్త మౌంటింగులు అదే కోణానికి కట్టు. నిటారుగా నిలబెడితే అందంగా ఉంటుంది గానీ, ఆయిల్ సంపు లోపల పీల్చే గొట్టం ఆ వాలుకే అమర్చింది.

ఛాసిస్‌కు 25×25 మి.మీ. చదరపు పైపు, 16 గేజ్, అంటే 1.6 మి.మీ. మందం. ఐఎస్ 4923 ముద్ర ఉన్నది అడుగు. 6 మీటర్ల పైపులు 8 తీసుకుంటే వృథాతో సహా సరిపోతుంది, సుమారు 56 కిలోలు. ఇనుప అంగళ్లలో మామూలుగా కిటికీలకూ గేట్లకూ వాడే 18 గేజ్ ఇచ్చేస్తారు, చూపుకు రెండూ ఒకటే. అంగట్లోనే ఒక పైపు కాటా మీద పెట్టించు. 16 గేజ్ 6 మీటర్ల పైపు సుమారు 7 కిలోలు తూగాలి. ఐదున్నర తూగితే అది 1.2 మి.మీ., వెనక్కిచ్చెయ్. జింకు పూత ఉన్న జీఐ పైపు అసలే వద్దు. వెల్డింగులో జింకు పొగ ఊపిరికి చెరుపు, అతుకు లోపల బుడగలు.

సస్పెన్షన్ బ్రాకెట్లకు 3 మి.మీ. రేకు. తల వెనక రోల్ బార్ మాత్రం ఈ చదరపు పైపుతో చేయకూడదు, నిలువునా అతుకున్న ఈఆర్‌డబ్ల్యూ గుండ్రపు పైపూ కాదు. అతుకు లేని సీడీఎస్ పైపు, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం. వంచేది ఇసుక పోసి మంట పెట్టి కాదు, పైపు లోపల కడ్డీ పెట్టి వంచే మాండ్రెల్ బెండింగ్ మిషను మీద. వంపు దగ్గర ముడత పడితే ఆ ముక్క పక్కన పడెయ్.

18 మి.మీ. ప్లైవుడ్ షీటు రసమట్టం పెట్టి సమంగా పరిచి, ఛాసిస్ కింది భాగం దాని మీద నిలువెత్తు సైజులో గియ్. గీతల పక్కన చెక్క దిమ్మెలు కొట్టి పైపు ముక్కలు వాటి మధ్య ఇరికించు. 0.8 మి.మీ. వైరుతో అన్ని అతుకులూ చుక్కలు మాత్రమే వెయ్. ఫ్రేము మొత్తం, పైభాగంతో సహా, చుక్కల మీదే నిలబడాలి. అప్పుడు మూల నుంచి మూలకు టేపు పట్టు. రెండు కర్ణాల తేడా 2 మి.మీ. దాటితే చుక్కలు కోసి సరిచెయ్. తర్వాతే పూర్తి వెల్డింగ్, అదీ ఒక అతుకు ఎడమ పక్క, తర్వాతిది కుడి పక్క, మధ్యలో చల్లారనిస్తూ. ఒకే మూల నుంచి వరసగా కొట్టుకుంటా పోతే ఫ్రేము అరటి కాయ మాదిరి వంగుతుంది, దాన్ని జాకీ పెట్టి లాగినా తిరిగి రాదు.

అంతకు ముందు తునక పైపులతో టీ ఆకారం అతికి, వైసులో బిగించి సుత్తితో కొట్టు. పైపు చిరగాలి, అతుకు ఊడకూడదు. ఊడితే వోల్టేజీ తక్కువ, లేదా చేయి వేగం ఎక్కువ.

కరకంబాడి_షెడ్డు:
చాలా థ్యాంక్స్ అన్నా. ఆర్సీ ఆశ వదిలేశా, తోటలోనే నడుపుతా. మరి వెనక హౌసింగు, ముందు స్ట్రట్ సంగతి? 800 మారుతి అయితే సులభమని కూడా అంటున్నారు.

చిత్తూరు_లేత్:
డ్రాయింగుల ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, అక్కడి నుంచే వస్తా. నెట్‌లో తిరిగే సెవెన్ డ్రాయింగుల్లో చాలావరకు వెనక చక్రాలతో నడిచే పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారు హౌసింగు కొలతకు గీసినవి. ఆమ్నీ ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) సుమారు 1200 మి.మీ., ఎస్కార్ట్ కంటే సన్నం. డ్రాయింగు ప్రకారం కట్టేస్తే చక్రాలు బాడీలోకి దూరతాయి. హౌసింగు బయటికి తీసి, చక్రాలు బిగించి, నేల మీద కొలిచి, ఆ తర్వాత ఛాసిస్ వెడల్పు తగ్గించుకో. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మాత్రం ఆమ్నీ 1840 మి.మీ. పట్టుకోవద్దు. కాళ్లు చాపడానికి 2200 దాటి కావాలి.

కమాను పట్టీలు: పెట్టొచ్చు, సుఖం లేదు. అవి మనుషుల్నీ సరుకునూ మోయడానికి కట్టినవి. నీ కారు మొత్తం 500 కిలోలకు అటూ ఇటూ. గుంత వస్తే వెనక భాగం ఎగురుతుంది. మెత్తబడాలని పట్టీలు తీసేస్తే, క్లచ్ వదిలినప్పుడు హౌసింగు తిప్పుడుకు పట్టీ ఎస్ ఆకారంలో మెలికపడి చక్రాలు దడదడలాడతాయి. మంచి పద్ధతి ఏమంటే, హౌసింగును ఛాసిస్‌కు కలుపుతూ పక్కకు రెండేసి చొప్పున నాలుగు లింకు రాడ్లు, హౌసింగు పక్కలకు కదలకుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్, స్ప్రింగుతో కలిసిన షాక్‌లు. పాన్‌హార్డ్ రాడ్ ఎంత పొడవుంటే అంత మంచిది, బండి మామూలు ఎత్తులో నిలబడినప్పుడు నేలకు సమాంతరంగా ఉండాలి.

హౌసింగు గొట్టం మీద బ్రాకెట్లు అతికేటప్పుడే ఎక్కువమంది చెడగొడతారు. ఒక పక్కనే వరసగా అతికితే గొట్టం వంగి, ఆక్సిల్ సీలు దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది, బేరింగులు తొందరగా పోతాయి. ఆక్సిళ్లు, సీళ్లు బయటికి తీసేసి, 20 మి.మీ. చొప్పున ఎదురెదురు పక్కల కొట్టి, చేయి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతిది.

గేర్ బాక్స్ నుంచి హౌసింగుకు తిప్పుడు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది. ఇంజిన్, హౌసింగు చివరి స్థానంలో బిగించి, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలువు. స్లిప్ యోక్ (గేర్ బాక్స్‌లోకి జారే షాఫ్ట్ చివర) పూర్తిగా లోపలికి పోకుండా కనీసం 20 మి.మీ. ఖాళీ వదులు. రెండు చివరల క్రాస్‌ల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. గేర్ బాక్స్ చివర కోణం, హౌసింగు చివర కోణం సమానంగా, 1 నుంచి 3 డిగ్రీల మధ్య. లేత్ మీద కోసి అతికాక డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయించు. ఇక్కడ కుదరకపోతే చెన్నైలో చేస్తారు. షాఫ్ట్ నీ తొడ పక్కనే తిరుగుతుంది కాబట్టి దాని చుట్టూ 5 మి.మీ. పట్టీతో రెండు రింగులు తప్పనిసరి.

ముందు స్ట్రట్: సెవెన్ బానెట్ కంటే ఎత్తు, బయటికి పొడుచుకొస్తుంది. విష్‌బోన్లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే వీ ఆకారపు చేతులు) చేయాలి. ఆమ్నీ నకిల్ (చక్రం హబ్ కూర్చునే ముక్క) పై భాగాన స్ట్రట్ రెండు బోల్టులతో పడుతుంది కదా, ఆ రంధ్రాలకే 6 మి.మీ. రేకుతో బ్రాకెట్ చేసి పై బాల్ జాయింట్ అమర్చు. బోల్టులు 10.9 గ్రేడు, నైలాక్ నట్టులు ఒక్కసారికే. స్టీరింగ్ ర్యాక్ ఆమ్నీలో చక్రాల మధ్య గీతకు ఏ పక్క ఉందో ఇక్కడా ఆ పక్కనే పెట్టు, నకిళ్లు ఎడమా కుడీ మార్చొద్దు. మారిస్తే స్టీరింగ్ ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. నవ్వులాట కాదు, సందు చాలలేదని తెలిసినోళ్లు కూడా ర్యాక్‌ను అవతలి పక్కకు జరుపుతుంటారు. ర్యాక్ లోపలి జాయింట్లు, విష్‌బోన్ల లోపలి పివట్‌లు కలిపే గీత మీద పడాలి. స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని 25 మి.మీ. చొప్పున పైకీ కిందికీ కదిలిస్తూ టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన తేడా) కొలువు. మారుతుంటే ర్యాక్ ఎత్తు తప్పు.

వెనకింజిన్_అభిమాని:
లేత్ అన్న చెప్పిందంతా ఒప్పే, కానీ మొదటి కారుకు ఇంత పని ఎందుకంటాను. 800 మారుతి ముందు భాగం మొత్తం, ఇంజిన్, గేర్ బాక్స్, స్ట్రట్‌లు, డ్రైవ్ షాఫ్ట్‌లు, డ్రైవరు వీపు వెనక పెట్టేస్తే ప్రొపెల్లర్ షాఫ్టూ ఉండదు, హౌసింగు వెల్డింగూ ఉండదు. బగ్గీలన్నీ అట్లా కట్టేవే. ఏ దిక్కుకు ఉందో ఆ దిక్కుకే పెట్టాలి. తిప్పి పెడితే ముందుకు ఒక్క గేరు, వెనక్కు నాలుగు. స్టీరింగ్ టై రాడ్ల స్థానంలో అంతే పొడవు రాడ్లు ఛాసిస్‌కు బిగించి చక్రాలు తిరగకుండా కట్టెయ్యాలి. కష్టమల్లా గేర్ రాడ్డే. అది వెనక్కు చూస్తూ ఉంటుంది, డ్రైవరు ముందుంటాడు. లింకేజీని యూ మలుపు తిప్పి తేవాలి, ప్రతి జాయింటులో ఆట పెరిగి గేర్లు తడుముకోవాల్సి వస్తుంది.

చిత్తూరు_లేత్:
ఆయనకు కావాల్సింది సెవెన్ రూపం, పొడుగు ముక్కు. అది బగ్గీతో రాదు. గుంతల తోటలో దూకించడానికైతే నువ్వు చెప్పిందే సరి.

పుత్తూరు_ఫిట్టర్:
మిగిలినవి నేను ముగిస్తా.

వైరింగ్ కోయొద్దు. ప్రతి కనెక్టరుకూ మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాసి, కట్ట మొత్తం ఊడబీకు. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని పెట్టె) ఉంటే అదీ, తాళం చెవి మూడూ ఒకే బండివి కావాలి, లేకపోతే స్టార్ట్ కాదు. ఆమ్నీలో రేకు బాడీయే ఎర్త్. నీ ఫ్రేముకు పెయింటు ఉంటుంది, ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు మందపాటి ఎర్త్ పట్టీ, అది పట్టే చోట పెయింటు గీకాలి. మరిచిపోతే స్టార్టరు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి కేబుల్ కాలుతుంది.

బ్రేకు గొట్టాలు స్టీలువి, చివర రెండు మడతలుగా విప్పిన డబుల్ ఫ్లేర్. ఏసీ అంగట్లో దొరికే రాగి గొట్టం అదురుకు పగులుతుంది. బూస్టర్ (కాలి బలాన్ని పెంచే డబ్బా) తీసేస్తే పెడల్ నిష్పత్తి 5:1 కంటే తక్కువ ఉండకూడదు. ముందు చక్రాలు ముందుగా పట్టాలి, వెనకవి తర్వాత. మట్టి నేల మీద 20 వేగంలో తొక్కించి పక్క నుంచి ఒక మనిషి చూస్తే చాలు. సీటు బెల్టు బోల్టు 7/16 యూఎన్ఎఫ్, దాని వెనక రేకు కాదు, ఫ్రేముకు అతికిన దిమ్మె ఉండాలి.

పాత పెట్రోలు ట్యాంకును కోయడం, అతకడం చేయొద్దు. ఖాళీ ట్యాంకులో ఆవిరే పేలేది. ఎంపీఎఫ్ఐ పంపు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి కొత్త ట్యాంకు చేయిస్తే లోపల రంధ్రాల అడ్డు రేకులు పెట్టించు, లేకుంటే మలుపులో పంపు గాలి పీలుస్తుంది.

ముక్కు, మడ్‌గార్డులు ఫైబరు. చదరపు మీటరుకు 450 గ్రాముల గ్లాస్ మ్యాట్, ఒక కిలో మ్యాట్‌కు రెండు నుంచి రెండున్నర కిలోల రెసిన్. మన ఎండాకాలంలో హార్డెనర్ 1 శాతం దాటొద్దు, బ్రష్ ముంచేలోపే గడ్డకడుతుంది. ఉదయం ఎండ ముదరకముందే పని ముగించు. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది) ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్. ఆ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే అంటుకుని పేలుతుంది. డబ్బాలు వేరే వేరే అల్మరాల్లో పెట్టు.

కరకంబాడి_షెడ్డు:
తోట దాకా టాటా ఏస్‌లో తీసుకెళ్లొచ్చా అన్నా?

ఏపీ03_పాతబండ్లు:
చాలదు తమ్ముడూ, నీ కారు 3 మీటర్లు దాటుతుంది, ఏస్ తొట్టి రెండు మీటర్ల చిల్లరే. టాటా 407 లారీ గానీ, టోయింగ్ ఫ్లాట్‌బెడ్ గానీ మాట్లాడుకో. ఎక్కించేటప్పుడు కట్టేది ఛాసిస్ పైపుకు కాదు, చక్రాలకు బెల్టు వేసి కట్టు. షెడ్డు గేటు వెడల్పు కూడా ఇప్పుడే కొలిచిపెట్టుకో, మడ్‌గార్డులు బిగించాక దాటుతుందో లేదో.