బోరు నీళ్ళకి ఏ గీజర్? 15 లీటర్లా, 25 లీటర్లా?

నిజాంపేట_బోరునీళ్ళు
అందరికీ నమస్కారం. మాది పన్నెండు అంతస్తుల అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకర్. పాత గీజర్ కింద నుంచి కారుతోంది. మెకానిక్ చూసి "ట్యాంకే పోయింది, కొత్తది తీసుకోండి" అనేశాడు. ఇంట్లో నలుగురం. మేం షవర్ కింద నిలబడతాం, అమ్మకి మాత్రం బకెట్, చెంబు ఉండాల్సిందే. షాపుల్లో ఒకరు 25 లీటర్లు అంటారు, ఒకరు ఫైవ్ స్టార్ అంటారు, ఇంకొకరు స్టీల్ ట్యాంకు తప్ప వద్దంటారు. కంపెనీ పేర్లు వద్దండి, వాడినవాళ్ళ అనుభవం చెప్పండి.

కృష్ణలంక
15 చాలు బ్రో. మా ఇంట్లో అదే. అయినా బెజవాడలో చలి ఉండేదెంత!

రిటైర్డ్_ఏఈ
లీటర్ల లెక్క చిన్నదే. ట్యాంకులో నీళ్ళు 60 డిగ్రీలు, కుళాయి నీళ్ళు 25 డిగ్రీలు ఉంటే, 15 లీటర్ల గీజర్‌తో స్నానానికి పనికొచ్చే 40 డిగ్రీల నీళ్ళు 35 లీటర్ల దాకా వస్తాయి. అంటే రెండు బకెట్లకి కాస్త అటూ ఇటూ. 25 లీటర్లదైతే 58 లీటర్లు. 2000 వాట్ల ఎలిమెంట్ 15 లీటర్లను కాచడానికి 18 నిమిషాలు, 25 లీటర్లకి అరగంట పడుతుంది. ఒకరి తర్వాత ఒకరు పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి చేస్తే 15 సరిపోతుంది. స్కూలు బస్సు టైముకి అందరూ వరసగా దూరేటట్టయితే 25 తీసుకోండి.

ఆదిలాబాద్_చలి
సార్ లెక్క ఎండాకాలానిది. మా దగ్గర డిసెంబర్‌ల పొద్దుగాల ట్యాంకు నీళ్ళల్ల చెయ్యి పెడితే జివ్వుమంటది. రెండో మనిషి షవర్ కింద ఉండంగనే చల్లనీళ్ళు మొదలైతయి. ఇంట్లో షవర్ అలవాటు ఉంటే 25 తీసుకోండ్రి.

ఫైవ్‌స్టార్_పిచ్చి
మరి స్టార్ల సంగతి? ఫైవ్ స్టార్ అయితే కరెంటు బిల్లు సగం తగ్గుతుందని షాపతను చెప్పాడు.

రిటైర్డ్_ఏఈ
సగమా! నీళ్ళు కాగడానికి పట్టే కరెంటు ఎన్ని స్టార్లున్నా ఒకటే. కాగిన నీళ్ళు ట్యాంకులో అలా ఉండగా ఎంత వేడి పోతుందన్నదాన్ని బట్టి స్టార్లు ఇస్తారు. రోజంతా ఆన్‌లో వదిలేసే ఇంట్లో తేడా బాగా తెలుస్తుంది. స్నానానికి ముందు వేసి, అవగానే ఆపేసేవాళ్ళకి పెద్దగా తెలియదు. తీసుకోవద్దని కాదు, దానికోసం మరీ ఎక్కువ పెట్టక్కర్లేదు.

గోరువెచ్చన
స్టార్ల కంటే ముందు మీ నీళ్ళ సంగతి చూసుకోండి. మాది బాచుపల్లి వైపు, మాకూ బోరే. నీళ్ళు కాగడానికి ఎప్పటికంటే రెట్టింపు టైం పడుతోందని మెకానిక్‌ని పిలిస్తే, ఎలిమెంట్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. లోపలి గొట్టమే కనిపించడం లేదు. చుట్టూ కోడిగుడ్డు పెంకులాంటి తెల్లటి పొర, వేలెడు మందం. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ట్యాంకు అడుగు నుంచి ఇంకో మగ్గెడు పెచ్చులు తీశాడు. పక్కనే ఉండే మెగ్నీషియం రాడ్ అరిగి అరిగి తీగలా మిగిలింది. "ఇది ముందే మార్చాల్సింది మేడమ్, దీని తర్వాత తినేది మీ ట్యాంకునే" అన్నాడు. అదొకటి ఉంటుందని షాపులో ఒక్కరూ చెప్పరు!

రిటైర్డ్_ఏఈ
బాగా చెప్పారమ్మా. ఆ రాడ్ పేరు యానోడ్. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. బోరు నీళ్ళయితే ఏడాదికోసారి విప్పించి చూడాలి. ట్యాంకు విషయానికొస్తే, నీళ్ళు బాగా ఉప్పగా ఉన్నచోట స్టీలుకి వెల్డింగ్ అతుకుల దగ్గర చిల్లులు పడే ప్రమాదం ఎక్కువ. నేనైతే లోపల గ్లాస్ కోటింగ్ ఉన్నది తీసుకుని, యానోడ్ టైముకి మారుస్తాను. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ చాలదు, హార్డ్‌నెస్, అంటే పెచ్చులు కట్టించే కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో, విడిగా చూడాలి. తాగేనీటికి భారత ప్రమాణం ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా సరే అంటుంది. మీది ఆ 600కి దగ్గరగా ఉంటే ఏ గీజర్ పెట్టినా శుభ్రం చేయించుకుంటూనే ఉండాలి.

డాలస్_బాబాయ్
ఇక్కడ ఇల్లంతటికీ కలిపి 50 గ్యాలన్ల ట్యాంకు ఒకటే, గరాజ్‌లో ఉంటుంది. అయినా బాధ అదే. ఏడాదికోసారి కింద వాల్వ్ తిప్పి మడ్డి వదిలేస్తాం.

కృష్ణలంక
ఇంత గోల ఎందుకు, 3 లీటర్ల ఇన్‌స్టంట్ పెట్టేసుకుంటే పోలా?

గోరువెచ్చన
గిన్నెలు కడగడానికైతే బంగారం. 3000 వాట్లదైనా, నీళ్ళని 15 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి మూడు లీటర్ల లోపే వస్తాయి. బకెట్ నిండేలోపు కాఫీ తాగి రావచ్చు.

నిజాంపేట_బోరునీళ్ళు
ఎన్ని బార్ల ప్రెషర్ తట్టుకునేది తీసుకోవాలి? 8 బార్ పై ఫ్లోర్లవాళ్ళకే, మీది నాలుగే కదా అన్నారు షాపులో.

రిటైర్డ్_ఏఈ
తిరగేసి చెప్పారు. మీ ట్యాంకు టెర్రస్ మీద ఉంటే, పది మీటర్ల ఎత్తు నీళ్ళకి ఒక బార్. పన్నెండో ఫ్లోర్‌కి ప్రెషర్ నామమాత్రం, మీకు దగ్గర దగ్గర 3 బార్లు పడుతుంది. ప్రెషర్ పంపు ఉంటే పైవాళ్ళకీ పెరుగుతుంది. 8 బార్‌దే తీసుకోండి.

ఎల్బీనగర్_నల్లా
గీజర్ పక్క వాల్వ్‌ల నుంచి కాగినప్పుడల్లా చుక్కలు పడుతున్నయని మా ప్లంబర్ దానికి డమ్మీ కొట్టి మూసేసిండు. ఇప్పుడు చుక్క కూడా లేదు. మీరు కూడా అట్లనే చేయించుకోండ్రి, గోడ తడవదు.

రిటైర్డ్_ఏఈ
వెంటనే స్విచ్ ఆపి, ఆ డమ్మీ తీయించండి! 15 లీటర్లు 60 డిగ్రీలకి కాగితే ఒక గ్లాసు నీళ్ళంత పెరుగుతాయి. ఆ పెరిగినవి పోయే దారి అదే. కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పాడైన రోజున ఆ దారి మూసి ఉంటే ట్యాంకు పగులుతుంది. గోడ తడుస్తుంటే వాల్వ్‌కి చిన్న పైపు తగిలించి డ్రెయిన్‌లోకి వదలండి, పైపు చివర మాత్రం మూయకూడదు. ఇంకో మాట. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూడండి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్ వేయించండి. పెచ్చులు కట్టి ఎలిమెంట్ పగిలితే కరెంటు వచ్చేది నీళ్ళలోకే.

ఎల్బీనగర్_నల్లా
అమ్మో. పొద్దుగాలే తీయిస్త సార్.

నిజాంపేట_బోరునీళ్ళు
అందరికీ థాంక్స్. 25 లీటర్లు, గ్లాస్ కోటింగ్, 8 బార్. షాపతనితో ఇక వాదన లేదు. చివరిగా ఒక్కటి. ఫాల్స్ సీలింగ్ లోపల కనబడకుండా పెట్టిద్దామని ఇంట్లో అంటున్నారు. అడ్డంగా ఉండే మోడల్ పెట్టొచ్చా?

గోరువెచ్చన
పెట్టొచ్చు. కాకపోతే అడ్డంగా పెట్టడానికే చేసిన మోడల్ అయి ఉండాలి, నిలువుదాన్ని పడుకోబెట్టకూడదు. ఎలిమెంట్ మూత ఏ పక్కకి ఉందో చూసి, ఆ పక్క రాడ్ మొత్తం బయటికి లాగేంత జాగా వదలండి. సీలింగ్‌కి తలుపు పెట్టించండి. మా ఆడపడుచు వాళ్ళు గోడకి ఆనించి బిగించారు, ఇప్పుడు యానోడ్ మార్చాలంటే గీజర్ మొత్తం దించాలి.