కువైట్‌కు కొత్తగా వచ్చాను, ఊర్లో అప్పు మూడు లక్షలు దాటింది

సిద్ధవటం తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కడప జిల్లా సిద్ధవటం పక్కన పల్లె. వచ్చి మూడు నెలలైంది. ఇంటి డ్రైవరు పని, జీతం 110 దినార్లు, తిండీ రూమూ కఫీల్‌దే (నన్ను పనిలో పెట్టుకున్న యజమానిదే). ఊర్లో అప్పు ఇట్లుంది. రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి, అందులో వీసాకు ఏజెంటుకు కట్టింది లక్షన్నర, మిగతాది ఎండిపోయిన బోర్ల బాకీ. బ్యాంకులో మా ఇంటామె నగల మీద 80 వేలు. మేనమామ దగ్గర చేబదులు 40 వేలు. మూడు నెలలూ జీతమంతా నాన్న అకౌంటుకే పంపాను. నిన్న అడిగితే అసలు ఒక్క రూపాయి కూడా తగ్గలేదంట. పైగా ఇంకో బోరు వేద్దామంటున్నాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఎట్ల బయటపడేది?

కడప అన్న, కువైట్‌లో పదహారేళ్లు:

తమ్ముడూ, ముందు నీ మూడు రూపాయల వడ్డీ సంగతి చూద్దాం. మనోళ్లు వడ్డీని రూపాయల్లో చెప్పుకోవడం వల్ల అది చిన్నగా వినిపిస్తుంది. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36. రెండు లక్షల మీద నెలకు 6,000, ఏడాదికి 72,000. ఈ మూడు నెలల్లో వడ్డీకే 18,000 పోయింది. మిగతాది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. మీ నాన్న తప్పేమీ లేదు. ఇంటికని, అప్పుకని విడదీయకుండా ఒకే ముద్దగా పంపితే ఎవరింట్లోనైనా ఇంతే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీ ఇంటామెను బ్యాంకుకు పంపు. 80 వేలు తీసుకున్నప్పటికీ ఇప్పటికీ బంగారం ధర బాగా పెరిగింది. అవే నగల మీద ఇంకా ఎంత ఇస్తారో అడగమను. బ్యాంకులో బంగారం లోను వడ్డీ మామూలుగా వందకు నెలకు రూపాయి లోపే. రెండు లక్షలూ వస్తే ఆ రోజే ఆ మూడు రూపాయల వడ్డీ అప్పు, అంటే ప్రోనోటు రాసి తెచ్చిన అప్పు తీర్చేయండి. లక్షే వచ్చినా లక్షైనా కట్టేయండి. నగలు మళ్లీ లాకరులోనే ఉంటాయని ఆమెకు బాధ ఉంటుంది, నిజమే. అయినా ఇప్పుడూ అక్కడే ఉన్నాయి కదా. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. బంగారం లోను గడువు సాధారణంగా ఏడాది. వడ్డీ కట్టి తిరగరాయించకుంటే నోటీసు, ఆ తర్వాత వేలం. ప్రొద్దుటూరులో అట్ల పోయిన నగలు నేను చూశాను, మా చిన్నమ్మవే.

దినారుకు 280 రూపాయలని లెక్కేసుకుందాం, రేటు రోజూ మారుతుందనుకో. 110లో నీకు 12 దినార్లు ఉంచుకో. ఫోను రీచార్జీ, సబ్బులు, శుక్రవారం సిటీలో మాలియాకు బస్సు, టీ, ఒక పూట బయట తిండి, ఇంతే. పంపే ఖర్చు ఒక దినారు పోగా 97 మిగుల్తాయి, అంటే 27 వేల చిల్లర. నెలకు ఒక్కసారే పంపు. వంద అడిగితే ఒకసారి, యాభై అడిగితే ఒకసారి పంపావంటే కమీషన్లకే పోతుంది. ఇంటికి 14 వేలు, అప్పుకు 13 వేలు. నోటు బాకీ మొత్తం బంగారం లోనుకు మార్చుకుంటే, మేనమామ చేబదులుతో సహా 27 నెలలకు అటూఇటూగా అంతా తీరుతుంది. మార్చుకోకుండా ఇట్లే కట్టుకుంటూ పోతే 32 నెలలు పడుతుంది. ఆ ఐదు నెలల జీతం ఎవరి ఇంట్లోకి పోవాలో నువ్వే చూసుకో.

డబ్బు ఇంకొకరి అకౌంటుకు పంపొద్దు. నీ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ (NRE) అకౌంటు, అంటే విదేశంలో సంపాదించింది వేసుకునే అకౌంటు తెరిచి అందులోకి వేసుకో, దాని మీద వచ్చే వడ్డీకి మన దగ్గర పన్ను లేదు. ఊర్లో ఉన్న నీ పాత సేవింగ్స్ అకౌంటును ఎన్‌ఆర్‌ఓ (NRO) అకౌంటుగా మార్పించుకోవాలి, బ్యాంకులో చెప్తే చేస్తారు. ఎన్‌ఆర్‌ఈ అకౌంటు నుంచి ఐదో తేదీన మీ ఇంటామెకు 14 వేలు, అదే రోజు అప్పుకు 13 వేలు. రెండూ కలవకూడదు.

ఇక నోటు సంగతి. నేను 2011లో ఒకాయన దగ్గర ప్రోనోటు రాసి లక్ష తెచ్చాను. మా తమ్ముడి చేత నెలనెలా వడ్డీ చేతికే ఇప్పించాను. పద్నాలుగు నెలలు. సెలవుకు పోయి లెక్క చూద్దామంటే, ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నోటు తిప్పి చూపించాడు. వెనక ఏడే చెల్లులున్నాయి, అంటే ఏడుసార్లు కట్టినట్టే రాసుంది. మిగతా ఏడు నెలలు? ‘గుర్తు లేదబ్బీ’ అన్నాడు. నేనేం చెప్పేది, మా తమ్ముడి దగ్గర చీటీ ముక్క కూడా లేదు. అందుకని మీరు కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు వేయించుకోండి, లేదా ఫోన్‌పేలో వేయండి, సాక్ష్యం దానంతటదే ఉంటుంది. మొత్తం కట్టిన రోజు నోటు చేతికి తీసుకోకుండా ఆ గడప దిగొద్దని మీ ఇంటామెకు చెప్పు. ఇంకోటి. నోటు మూడేళ్లకు కాలం చెల్లుతుంది కాబట్టి అంతకు ముందే తిరగరాయమంటారు. అప్పటికి కట్టని వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాస్తారు. మూడు రూపాయల వడ్డీ మూడేళ్లు కట్టకుంటే నీ రెండు లక్షలు 4,16,000 అవుతుంది. ఇక వడ్డీ దాని మీద నడుస్తుంది.

బోరు మాట అప్పు తీరేదాకా వద్దు. నాన్నకు కోపం వస్తుంది, రానీ. రెండు ఎండిన చోట మూడోదానికి నీళ్లు పడతాయని చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, బిల్లు కట్టేవాడు మాత్రం నువ్వొక్కడివే.

ఇంకో మాట, నీకు ఇప్పుడు పనికిరాదు గానీ మీ ఊర్లో ఎవరైనా బయల్దేరుతుంటే చెప్పు. గవర్నమెంటు దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, దాని మీద జీఎస్టీ. అంతే. లక్షన్నర కాదు.

పులివెందుల అక్క, ఇంటిపని:

అన్న లెక్క సరిగ్గానే చెప్పినాడు గానీ 14 వేలు ఎట్ల సరిపోతాయో మగవాళ్లకు తెలియదులే. సరిపెట్టొచ్చు. రేషన్ కార్డులో మనిషికి ఐదు కిలోల బియ్యం వస్తాయి, ఐదుగురుంటే 25 కిలోలు, సగం భారం తగ్గినట్టే. ఖర్చు అదుపు తప్పేది తిండి దగ్గర కాదు తమ్ముడూ, పెళ్లిళ్ల దగ్గర. ఇంట్లో మనిషి కువైట్‌లో ఉన్నాడంటే చదివింపులు వెయ్యికి తగ్గకూడదంటారు. మీ పెళ్లిలో రాసిన చదివింపుల పుస్తకం బయటికి తీయమను. వాళ్లు మనకు 200 చదివించి ఉంటే మనమూ 200. తక్కువయిందని ఎవరైనా అంటే అనుకోనీ.

మా ఇంట్లో మా కోడలు ఒక నోటుబుక్కు పెట్టింది. పాలు, కూరగాయలు, గ్యాసు, పిల్లల ఫీజు, ఆస్పత్రి, రోజుకు ఒక్క గీత. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లో చదువుతుంది, నేను వింటాను. మొదట్లో ‘నన్ను లెక్క అడుగుతున్నారా అత్తా’ అని అలిగింది. దానితోపాటు ఇక్కడ నా ఖర్చుకు ఉంచుకునే 12 దినార్ల లెక్క కూడా చదివి వినిపించేసరికి అలక పోయింది.

ఇక్కడ మనోళ్లు చీటీలు వేస్తుంటారు, పిలుస్తారు నిన్ను కూడా. నేను నెలకు 20 దినార్లు ఆరు నెలలు కట్టినాను. పాట ఎత్తుకున్నామె సెలవని ఊరికి పోయింది, మళ్లీ రాలేదు. అడగడానికి కాగితం ఉంటే కదా.

కడప అన్న:

అక్క చెప్పింది నిజం. చీటీ వేయాలంటే ఊర్లో రిజిస్టరైన కంపెనీలోనే, 1982 చిట్ ఫండ్ చట్టం కింద నడిచేదాంట్లోనే వెయ్యాలి. అదీ అప్పు తీరాక. కార్గో పెట్టె సంగతి కూడా ఇప్పుడే అనుకో. రెండేళ్లకు సెలవుకు పోయేటప్పుడు పాలపొడి డబ్బాలు, అత్తరు, దుప్పట్లు అని లిస్టు వస్తుంది. మా మొదటి పెట్టెకు నాలుగు నెలల మిగులు పోయింది. దాంట్లో సగం ఎవరికిచ్చామో ఇప్పటికీ గుర్తు లేదు.

సిద్ధవటం తమ్ముడు:

అన్నా, అక్కా, మా ఇంటామె పొద్దున బ్యాంకుకు పోయింది. అవే నగల మీద ఇంకా లక్షా పది వేలు ఇస్తామన్నారంట. నాన్నకు బోరు వద్దని చెప్పాను, రెండు రోజులుగా మాట్లాడటం లేదు. మిగతా 90 వేలు ఎట్ల?

కడప అన్న:

లక్షా పది వేలు ఈ వారమే కట్టించు. వడ్డీ నెలకు 6,000 నుంచి 2,700కు దిగుతుంది. నీ 13 వేలల్లో ముందు బ్యాంకు వడ్డీ పక్కన పెట్టి, మిగిలిందంతా ఆ 90 వేలకే తోయ్. మేనమామను ఓపిక పట్టమని నువ్వే ఫోన్ చేసి అడుగు, ఇంట్లోవాళ్ల చేత చెప్పించొద్దు. నాన్నకు కూడా నువ్వే చెయ్యి, బోరు గురించి కాకుండా వేరే ఏదన్నా మాట్లాడు. అది సరే, ఆ నోటు మీద తేదీ ఏముందో చూసి చెప్పు.