అప్‌డేట్: క్లిప్పులు వేశాక పెదవుల మంట, కారణం నికెల్

పళ్లకు క్లిప్పులు వేసినప్పటి నుంచి మా పాపకు పెదవుల లోపల ఎర్రబడి మండుతోందని, నోట్లో లోహపు రుచి వస్తోందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ప్యాచ్ టెస్ట్ (ఏ పదార్థం అలర్జీ తెస్తోందో చర్మం మీద పట్టీలు అంటించి చూసే పరీక్ష) చేయించమన్న సలహాయే దారి చూపింది. వీపు మీద అంటించిన పట్టీలను 48 గంటల తర్వాత తీస్తే, నికెల్ పెట్టిన చోట మాత్రమే ఎర్రటి దద్దురు, సన్నని పొక్కులు! ఫ్యాన్సీ కమ్మలు పెడితే చెవులు పుండ్లు పడేది కూడా దీనివల్లేనట.

దంతవైద్యురాలు నికెల్-టైటానియం తీగ తీసేశారు. అందులో సుమారు సగం నికెలే. బదులుగా నికెల్ లేని బీటా టైటానియం తీగ, తీగను పట్టి ఉంచేందుకు పళ్లకు అంటించే సిరామిక్ బ్రాకెట్లు వేశారు. మంట పూర్తిగా పోయింది. టూత్‌పేస్టు మార్చడం, నీళ్లు పరీక్ష చేయించడం వల్ల ఒరిగిందేమీ లేదు. లాలాజలంలో కలిసే నికెల్ మామూలుగా రోజూ తిండితో వచ్చేదానికంటే చాలా తక్కువట. కాబట్టి అలర్జీ లేని పిల్లల విషయంలో కంగారు పడకండి.